సున్నాపై సమీక్ష

లోకంలో పరిశోధన చేసేవాళ్ళంతా ఏదో ఒకటి జరుగుతుందని రుజువు చేయడానికి జీవితం ధారపోస్తారు. డాక్టర్ శేషారత్నం ఏమీ జరగకుండా చూడవచ్చని రుజువు చేయడానికి ధారపోసింది. గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల, దాన్ని ఆనుకుని 'పరిశోధనా విభాగం' అని బోర్డు తగిలించిన రెండు గదులు, ఆ రెండు గదులకీ కలిపి ఒక ఫ్యాను. ఆవిడ పరిశోధన ఆ ఫ్యాను కిందే ఇరవై ఏళ్ళకు పైగా సాగింది.

విషయం సులువైనదే. కొందరి మనసు ఉయ్యాల. కొన్నాళ్ళు పైకి పోతుంది. అప్పుడు నిద్ర అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, ఊరంతా తనదే, డబ్బు మంచినీళ్ళు. ఇంకొన్నాళ్ళు కిందకి పోతుంది. అప్పుడు మంచం దిగలేరు, కన్నపిల్లలు పిలిచినా పలకరు, ఈ బతుకు ఎందుకనిపిస్తుంది. అలాంటివాళ్ళకు లిథియం అని ఒక మాత్ర ఉంది. అదొక రకం ఉప్పు. రోగులు దాన్ని ఉప్పుబిళ్ళ అనే అంటారు. సరైన మోతాదులో, రక్తపరీక్షలు చేయిస్తూ, ఏళ్ళ తరబడి వాడితే మనిషి నేల మీద నిలబడతాడా, నిలబడితే ఎన్నాళ్ళు నిలబడతాడు అన్నదే శేషారత్నం ప్రశ్న.

కొలవడానికి ఆవిడ దగ్గర గడుల కాగితం ఉండేది. మధ్యలో అడ్డంగా ఒక గీత. ఆ గీత సున్నా. దాని పైన ప్లస్ ఒకటి, రెండు, మూడు. కింద మైనస్ ఒకటి, రెండు, మూడు. ప్లస్ మూడంటే మనిషిని పట్టుకోవడానికి నలుగురు కావాలి. మైనస్ మూడంటే మనిషిని కనిపెట్టుకుని ఒకరు పక్కనే కూర్చోవాలి. సున్నా అంటే మామూలు రోజు. లేచాడు, పనికెళ్ళాడు, కరెంటు బిల్లు చూసి విసుక్కున్నాడు, అన్నం తిన్నాడు. మనలో చాలామంది సున్నా మీద పుట్టి సున్నా మీదే పోతాం కాబట్టి దాని విలువ మనకు తెలియదు.

అబ్బులుకి తెలుసు. అబ్బులుది బస్టాండు వెనక షామియానాల కొట్టు. పెళ్ళయినా, దినమైనా, పార్టీ మీటింగయినా పందిరి కట్టి కుర్చీలు దించేది అతనే. శేషారత్నం పరిశోధనలో అతను నలభై ఒకటో నంబరు. రోగుల పేర్లు బయటపడకూడదు కాబట్టి ఆ కాగితాల మీద నంబర్లే ఉంటాయి. మాత్ర మొదలుపెట్టక ముందు ఒక వేసవిలో అబ్బులు ప్లస్ మూడుకి ఎక్కాడు. జనం ఎండకు మాడిపోతున్నారని జాలి పుట్టి, కొట్లో ఉన్న షామియానాలన్నీ తీసుకెళ్ళి బస్టాండు నుంచి కలెక్టరాఫీసు దాకా నడిరోడ్డు మీద కట్టేశాడు. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఊరంతా ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే ముక్క అది.

ఊరు చెప్పుకోని ముక్క తర్వాతది. వానలు పడేసరికి ఉయ్యాల వెనక్కి వచ్చింది. ఒకనాడు అబ్బులు లాకుల దగ్గర కాలవలోకి నడిచి వెళ్ళిపోయాడు. అక్కడ చేపలు పడుతున్నవాళ్ళు జుట్టు పట్టుకుని బయటికి లాగారు. భార్య మంగతాయారు అతన్ని ఆ తడిబట్టలతోనే రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది. "ఈయన ఎక్కినప్పుడు కాదండి, దిగినప్పుడండి నా భయం" అని శేషారత్నం రెండు చేతులూ పట్టుకుంది.

ఆ తర్వాత సున్నా. ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది, బడికెళ్ళింది, డిగ్రీలో చేరింది. నలభై ఒకటో నంబరు గీత మాత్రం ఎటూ వంగలేదు. ఎవరూ లేనప్పుడు శేషారత్నం ఆ కాగితం తీసి చూసుకుని కాస్త గర్వపడేది. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా దాన్ని ప్రభుత్వానికి చూపించడం.

ఆ ఏడు ప్రభుత్వానికి ఆనందం మీద ఆసక్తి కలిగింది. జనం ఎంత ఆనందంగా ఉన్నారో ఏటేటా కొలవాలని ఏదో సదస్సులో ఎవరో ఉపన్యాసం ఇచ్చారు. రోడ్లు వేయడం కంటే ఇది సులువు కదా అని అందరికీ అనిపించింది. నెల తిరగకుండా రాష్ట్ర ఆనందాభివృద్ధి మిషన్ వెలిసింది. దానికి సంచాలకులుగా పరాంకుశం గారు వచ్చారు.

పరాంకుశం గారు పైసా ముట్టని మనిషి. సమీక్షలకు వెళితే టీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. అంతకుముందు పశుసంవర్ధక శాఖలో పాల దిగుబడి పెంచి పేరు తెచ్చుకున్నారు. దేన్ని చూసినా పెంచాలనిపించడం ఆయన స్వభావం. మనసును రోజూ కొలుస్తున్న సంస్థ రాష్ట్రంలో ఎక్కడైనా ఉందా అని వాకబు చేయిస్తే, ఒక్క ఫ్యాను ఉన్న ఈ సంస్థే తేలింది. వెంటనే సమీక్షకు వచ్చారు.

సూపరింటెండెంటు లింగమూర్తి గారు రిటైర్మెంటు దగ్గరపడి, ఏ ఫైలు మీద సంతకం పెట్టాలన్నా ముందు దానికి దణ్ణం పెట్టుకునే మనిషి. ఆయనే కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. పరాంకుశం గారు ఒక్కొక్కటీ తిప్పసాగారు.

"ఇదేమిటి?"

"సున్నా అండి" అంది శేషారత్నం సంతోషంగా.

"ఇది?"

"అదీ సున్నాయేనండి. దాదాపు అందరూ సున్నా మీదే ఉన్నారండి."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "డాక్టరు గారూ, ఇరవై ఏళ్ళు. ప్రభుత్వ జీతం, ప్రభుత్వ మందు, ప్రభుత్వ ఫ్యాను. సాధించిన ఫలితం సున్నా. మా పశుసంవర్ధక శాఖలో ఇలాంటి గేదెని రెండో ఏడాదే వేలం వేసేవాళ్ళం."

"సార్, ఇక్కడ సున్నా అంటే ఆరోగ్యం. జ్వరం చూసినప్పుడు తొంభై ఎనిమిది ఉంటే బాగున్నట్టే కదండీ? అది నూట నాలుగుకి పెరిగితే ప్రగతి అనం కదా."

"జ్వరం వేరు, ఆనందం వేరు. జ్వరం ఆరోగ్యశాఖ పరిధి. ఆనందం మాది. ఈ ప్లస్ అంటే ఏమిటి?"

"ఉత్సాహమండి. మితిమీరిన..."

"ఉత్సాహం. అంతవరకు చాలు. మితి ఎంతో మిషన్ నిర్ణయిస్తుంది."

లింగమూర్తి గారు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా కూర్చుని, శేషారత్నం చెవిలో గొణిగారు. "అమ్మా, ఈ సున్నాని అయిదు అని పిలుద్దాం. అందరూ తలా అయిదు పెరిగినట్టుంటారు. మన సొమ్మేం పోయింది?" శేషారత్నానికి అది సబబుగానే తోచింది. పేరు ఏదైతేనేం, మనిషి బాగుంటే చాలు. పైకి చెప్పింది.

పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. "అంకెలు మార్చడమా? దాన్ని తారుమారు అంటారు. నా సర్వీసులో ఒక్క అంకె దిద్దలేదు, దిద్దనివ్వలేదు. మీరు మనిషిని పెంచండి. అంకె దానంతటదే పెరుగుతుంది."

లంచగొండి అయితే ఏదో ఒక సందు ఉంటుంది. నిజాయితీపరుడి దగ్గర ఆ సందు కూడా గోడ కట్టేసి ఉంటుంది. సాయంత్రానికి సమావేశ నిర్ణయాలు వెలువడ్డాయి. 'ఈ త్రైమాసికాంతమునకు లబ్ధిదారులందరినీ సున్నా స్థాయి నుండి ప్లస్ ఒకటి స్థాయికి, తదుపరి దశలవారీగా సంతృప్త స్థాయికి చేర్చవలెను.' రోగి అన్న మాట నిరుత్సాహకరంగా ఉందని లబ్ధిదారు అని రాశారు.

అందరూ సున్నా దగ్గరే ఎందుకు ఆగిపోయారో కనిపెట్టడానికి ఒక సాంకేతిక సంఘం వేశారు. అందులో ఒక నీటిపారుదల ఇంజనీరు, ఒక గణాంకాధికారి, వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చే ఒకాయన ఉన్నారు. డాక్టర్లను వేస్తే సొంత శాఖను వెనకేసుకొస్తారని వేయలేదు. సంఘం మూడు పూటలు భోంచేసి కారణం కనిపెట్టింది. సున్నా స్థాయిలో ఉన్న లబ్ధిదారులందరూ ఒకే మాత్ర వాడుచున్నట్లు గమనించడమైనది.

"చేనుకి నీరెక్కకపోతే అడ్డుకట్ట ఎక్కడుందో చూస్తామమ్మా" అన్నాడు ఇంజనీరు ఉప్పుబిళ్ళల డబ్బా చేత్తో పట్టుకుని. "ఇదిగో మీ అడ్డుకట్ట."

"కట్ట తెగ్గొడితే వరదొస్తుంది కదండీ" అంది శేషారత్నం.

"వరదలు వేరే డివిజనమ్మా."

లిథియాన్ని వృద్ధి నిరోధక ఔషధంగా ప్రకటించి, మందుల స్టోరుకి తాళం వేసి, లక్కతో సీలు కొట్టారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. లబ్ధిదారులందరికీ ఆసుపత్రి ద్వారా రాజముద్ర వేసిన ఉత్తరాలు పంపారు. 'తమరి ఆనందమునకు అడ్డంకిగానున్న మాత్ర నుండి ప్రభుత్వము తమరిని విముక్తులను చేసినది.' శేషారత్నం ఒక్కొక్కరికీ బయటి కొట్లో కొనుక్కోమని చీటీ రాసిచ్చి, మానొద్దని బతిమాలింది. భయమున్నవాళ్ళు కొనుక్కున్నారు. అబ్బులు ఆ ఉత్తరానికి పటం కట్టించి కొట్లో తగిలించాడు.

"ఇన్నేళ్ళు మీరు మింగమంటే మింగానండి. ఇప్పుడు గవర్నమెంటోరు వద్దంటన్నారు. ఆళ్ళకి తెలీదంటారా డాక్టరమ్మగారూ?"

"తెలీదు అబ్బులూ."

"అంత పెద్ద ముద్దరేశారండి!" అన్నాడు అబ్బులు నొచ్చుకుంటూ.

కొన్ని వారాలకే అబ్బులు తెల్లారకుండా లేచి కొట్టుకి రంగులు వేయడం మొదలెట్టాడు. పాటలు పాడుతున్నాడని బస్టాండు వాళ్ళు చెప్పుకున్నారు. నలభై ఒకటో నంబరు గీత ఇరవై ఏళ్ళలో మొదటిసారి తల ఎత్తింది. ప్లస్ ఒకటి. లింగమూర్తి గారు ఆఫీసులో పూతరేకులు పంచారు. ఇంకొన్నాళ్ళకి అబ్బులు రోడ్డు మీద కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి గంటల తరబడి మాట్లాడసాగాడు. ప్లస్ రెండు. ఆ తర్వాత నిద్ర పూర్తిగా పోయింది. మిషన్ నుంచి అభినందన సందేశం వచ్చింది.

పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. విలేకరులు వచ్చారు. అబ్బులుని హాల్లో వేదిక మీద కూర్చోబెట్టబోతే అతను కూర్చోలేదు.

"నీడండి! మడిసికి కోపం ఎందుకొత్తాదండి? ఎండకండి! మొగుడూ పెళ్ళాం ఎందుకు కొట్టుకుంటారండి? ఎండకండి! జిల్లా మొత్తానికీ ఒకటే షామియానా ఏసేద్దారండి. గోదారికి ఇటో గుంజ, అటో గుంజ. కోర్టులు మూసేసుకోవచ్చండి!"

వెనక వరసలోంచి ఒక చిన్న అధికారి లేచి, వర్షాకాలంలో ఎలాగని అడిగాడు.

"వానాకాలం మడిచేత్తామండి" అన్నాడు అబ్బులు.

ఇంజనీరు తల పంకించి రాసుకున్నాడు. అంత సూటిగా జవాబు చెప్పినవాణ్ణి ఆ హాల్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. సాధారణంగా ఏ పథకానికైనా ఏదో ఒక ఇబ్బంది ఉందనేవాళ్ళే ఎదురవుతారు. ఈ మనిషి దగ్గర ఇబ్బంది అన్నదే లేదు. అక్కడికక్కడే అబ్బులుని జిల్లా ఆనంద రాయబారిగా నియమించి, మెడలో పట్టు కండువా వేసి, సైరను ఉన్న కారు ఇచ్చారు. షామియానాకి 'శాశ్వత ఛాయ' అని పేరు పెట్టి సమగ్ర నివేదిక తయారుచేయమన్నారు.

పరాంకుశం గారు వెళుతూ వెళుతూ శేషారత్నం దగ్గర ఆగారు. "చూశారా డాక్టరు గారూ? ఇలాంటి మనిషిని ఇరవై ఏళ్ళు తొక్కిపెట్టారు." ఆయన కోపంగా అనలేదు. నిజంగా బాధపడుతూ అన్నారు. ఆ మాట శేషారత్నానికి చురుక్కున తగిలింది. వేదిక మీద అబ్బులు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. గొంతు జీరపోయి, పెదాలు ఎండిపోయి, పంచె నడుము దగ్గర జారిపోతున్నా చూసుకోకుండా మాట్లాడుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు మంగతాయారు వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

"కుర్చీలన్నీ ఊళ్ళో పంచేశారండి. జనం నిలబడకూడదంటండి. మేం పీటల మీద కూర్చుంటన్నాం. ఆయన అదీ కూర్చోట్లేదండి. వారం నుంచి రెప్ప వాల్చలేదండి. మా అమ్మాయి నాన్నా అని ఏడిత్తే, నీకూ ఒక గుంజ రాసిత్తానే అంటన్నారండి."

"చేర్చుకుంటాను తాయారూ. ఈ రోజే."

"ఎక్కితే ఎక్కారండి. మళ్ళా దిగుతారు కదండీ. ఆవేళ లాకుల దగ్గర చేపలోళ్ళు ఉండబట్టి సరిపోయింది. ఇప్పుడక్కడ ఎవ్వరూ ఉండట్లేదండి. నేను పోయి చూసొచ్చానండి" అంది మంగతాయారు.

శేషారత్నం తిన్నగా లింగమూర్తి గారి గదికి వెళ్ళింది. ఆయన చేర్పు కాగితం చూసి, అలవాటు ప్రకారం దణ్ణం పెట్టి, సంతకం పెట్టకుండా వెనక్కి తోశారు.

"కారణం ఏమని రాయమంటావమ్మా? ప్లస్ మూడనా? లక్ష్యం సాధించాడు కాబట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టామని రాయనా? సాక్షాత్తూ ఆనంద రాయబారి! నాకు పెన్షనుంది తల్లీ."

"ఆయన పడిపోతాడండి. అంత ఎత్తు నుంచి పడేవాళ్ళు సున్నా దగ్గర ఆగరు."

ఈ బరువు తాను మోయలేక లింగమూర్తి గారు పరాంకుశం గారికి ఫోను కలిపి, ఇద్దరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు. పరాంకుశం గారు ఓపిగ్గా విన్నారు.

"పడతాడా? త్రైమాసికం లోపలా, తర్వాతా?"

"చెప్పలేనండి."

"తర్వాత అయ్యేట్టు చూడండి. అప్పుడది వచ్చే త్రైమాసికానికి ప్రారంభ స్థాయి అవుతుంది. ప్రారంభ స్థాయి ఎంత తక్కువైతే వృద్ధి అంత ఎక్కువ."

"ఆ స్థాయిలో మనుషులు చచ్చిపోతారు సార్."

"మరణించిన లబ్ధిదారులను సగటులో కలపరు డాక్టరు గారూ. మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మీరు నన్ను అపార్థం చేసుకోకండి. మైనస్ మూడులోకి వచ్చాక మీ ఇష్టం. చేర్చుకోండి, మీ ఉప్పుబిళ్ళే వాడుకోండి. పైకి తెచ్చే ఏ మందుకీ మిషన్ అడ్డు చెప్పదు. కిందకి తెచ్చేదానికి మాత్రం నేను ఒప్పుకోను."

ఫోను పెట్టేశాక లింగమూర్తి గారు చేర్పు కాగితాన్ని మడిచి ఆవిడ చేతికిచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాకపోవడం తప్ప ఇంకేమీ కాని మనిషి.

ఆ సాయంత్రం ఆసుపత్రి ఆవరణలో సైరను మోగింది. ఆనంద రాయబారి కారు దిగి, నాలుగు దండలతో, శేషారత్నం గదిలోకి వచ్చాడు. గోడల కొలతలు తీయిస్తానన్నాడు. సముద్రం మీద కూడా వేద్దామన్నాడు, చేపలు నల్లబడిపోతున్నాయట. శేషారత్నం మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. అబ్బులు గ్లాసు ఎత్తబోయాడు. గ్లాసు నోటికి అందక నీళ్ళు దండల మీద ఒలికాయి. దాన్ని చూస్తూ ఒక్క క్షణం ఆగాడు.

"డాక్టరమ్మగారూ" అన్నాడు, గొంతు సగం లేకుండా. "ఆగట్లేదండి. నోరు ఆగట్లేదు, కాళ్ళు ఆగట్లేదు. కళ్ళు మూత్తే లోపల లైట్లు ఎలుగుతున్నాయండి. దిగాలనుందండి. ఎలా దిగాలో తెలీట్లేదండి."

శేషారత్నం వృత్తిలో చాలామంది ఏడుపు చూసింది. తను ఏడవకూడదని నేర్చుకుంది. ఆ పూట నేర్చుకున్నది పనికిరాలేదు. కళ్ళు తుడుచుకుని, "నేను దింపుతాను అబ్బులూ" అంది. ఎలాగో ఆవిడకీ తెలియదు.

మర్నాడు ఉదయం త్రైమాసిక సమీక్ష. పొడుగాటి బల్లకి అటు పరాంకుశం గారు, ఇటు శేషారత్నం, పక్కన లింగమూర్తి గారు. ఆఖరిసారి వాదించి చూద్దామని ఆవిడ నలభై ఒకటో నంబరు కాగితాన్ని బల్ల మీద పరిచింది. ఎప్పటి అలవాటు ప్రకారం తన వైపుకి తిప్పి పరిచింది. పరాంకుశం గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ, అవతలి వైపు నుంచి ఆ కాగితం కేసి చూశారు.

"ఎవరిది ఇది? ఇంత గోతిలో పడిపోయాడు?"

సార్, మీరు తలకిందులుగా చూస్తున్నారు అనడానికి శేషారత్నం నోరు తెరిచింది. ఎవరైనా అదే అంటారు. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఒక్క చుక్క అటు నుంచి ఇటు జరపలేదు. ఒక రోగి అబద్ధం చెప్పాడని అనుమానమొచ్చి ఏడాది గీతనంతా కొట్టేసిన మనిషి. అవతల ఆయన ముఖంలో నిజమైన జాలి కనిపించింది. ఆ జాలి అబ్బులు మీద మిషన్‌లో ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. అతన్ని చూసి అందరూ ఆనందించారు.

"నలభై ఒకటో నంబరండి. మైనస్ మూడు" అంది శేషారత్నం.

లింగమూర్తి గారు కాగితం వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు, మళ్ళీ కాగితం వైపు చూశారు. ఆయన మౌనం జీవితంలో మొదటిసారి ఎవరికో ఉపయోగపడింది.

"పాపం. ఈ మనిషిని పైకి తేగలరా?"

"తేగలనండి. కొన్ని వారాల్లో సున్నాకి తెస్తాను."

"సున్నాకా!" పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది. "అంటే మూడు పాయింట్ల వృద్ధి! ఇన్నాళ్ళూ మీలో ఈ చొరవే లోపించింది డాక్టరు గారూ. ఏం కావాలి మీకు?"

"వార్డులో ఒక మంచం. స్టోరు తాళంచెవి."

రెండింటికీ ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టారు. నలభై ఒకటో నంబరు ఎవరని అడగలేదు. లబ్ధిదారుల పేర్లు గోప్యమని నిబంధన. ఆయన నిబంధన తప్పే మనిషి కాదు.

అబ్బులుని అదే రోజు చేర్చుకున్నారు. సైరను కారులోనే వచ్చాడు. దండలు సిస్టరు తీసి పక్కన పెట్టింది. ముందు నిద్ర పట్టే మందులు, తర్వాత నెమ్మదిగా ఉప్పుబిళ్ళ. మంగతాయారు మంచం పక్కన నేల మీద చాప వేసుకుని కూర్చుంది. కొన్ని వారాలకు అబ్బులు దిగాడు. నేల తగిలిన చోట ఆగాడు. ఆనంద రాయబారి ప్రసంగాల్లో పస తగ్గినందున మిషన్ అతని సేవలకు కృతజ్ఞతలు తెలిపి కారు వెనక్కి తీసుకుంది. 'శాశ్వత ఛాయ' మాత్రం దిగలేదు. గుంజల కోసం జిల్లా అంతటా రోడ్ల మీద గోతులు తవ్వారు. ఇంకా తవ్వుతున్నారు.

కానీ అబద్ధం ఒక్కదానితో ఆగుతుందా? అబ్బులు గీత వంగింది కాబట్టి కాగితం తిప్పితే సరిపోయింది. మిగతా వాళ్ళవి తిన్నటి గీతలు. సున్నాని ఎటు తిప్పినా సున్నాయే. వీళ్ళకి వృద్ధి ఏదని మిషన్ నుంచి మళ్ళీ ఉత్తరాలు మొదలయ్యాయి. ఎదిగే వీలు లేని లబ్ధిదారులను ముందుగా మైనస్‌లోకి దించి, పిదప పైకి తెచ్చే అవకాశాలను పరిశీలించవలెనని సాంకేతిక సంఘం సూచించింది. దించడానికి ఎవరెవరికి మాత్ర ఆపాలో జాబితా పంపమంది.

"అవసరం లేదు సార్, ఇప్పటికే దించేశాను" అని శేషారత్నం జవాబు రాసింది.

అప్పట్నుంచీ ప్రతి త్రైమాసికం ఆవిడ కూర్చుని గీతలు గీస్తుంది. అందరూ మొదట్లో మైనస్ మూడులో పడతారు. క్రమక్రమంగా లేస్తారు. ఆఖరి వారానికి సున్నా చేరతారు. పైకి లేస్తున్నవాళ్ళకి ఉప్పుబిళ్ళ మంజూరవుతుంది. ఆ మనుషులు మాత్రం ఈ గొడవేమీ తెలియక సున్నా మీద కూర్చుని కరెంటు బిల్లులు కట్టుకుంటున్నారు. రాష్ట్రం మొత్తంలో అత్యధిక వృద్ధి నమోదు చేసిన సంస్థగా దీనికి జ్ఞాపిక ఇచ్చారు. ఉత్తమ పరిశోధకురాలిగా శేషారత్నానికి శాలువా కప్పారు. లింగమూర్తి గారు నిశ్చింతగా రిటైరయ్యారు.

రిటైరయ్యేలోగా తన ఇరవై ఏళ్ళ పరిశోధనను ఒక పెద్ద వైద్య పత్రికలో ప్రచురించాలని శేషారత్నం కోరిక. ఈ గొడవకు ముందే వ్యాసం పంపింది. వాళ్ళు అంగీకరించారు. ఇంతకాలం ఇంతమందిని విడవకుండా చూసిన పరిశోధన అరుదని మెచ్చుకుని, ఈనాటి వరకూ ఉన్న అంకెలు కూడా కలిపి, అన్నీ యథార్థమేనని ఒక్క సంతకం పెట్టి పంపమన్నారు. ఆవిడ కలం తీసింది. సంతకం పెట్టలేకపోయింది. ఒక్క చుక్క అబద్ధమైతే వేల చుక్కలకీ విలువ లేదని పిల్ల డాక్టర్లకి పాఠం చెప్పింది తనే. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు రాసి పంపింది. ఆ రోజు అన్నం సయించలేదు. గది తలుపు వేసుకుని బాగా ఏడ్చింది. మనిషిని నేల మీద నిలబెట్టవచ్చని ఆవిడ నిజంగా రుజువు చేసింది. దాన్ని ఇక ఎవరికీ చెప్పడానికి లేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం ఓపీకి మంగతాయారు ఒక్కతే వచ్చింది. పక్కన అబ్బులు కనిపించకపోయేసరికి శేషారత్నం కుర్చీలోంచి లేచింది.

"అబ్బులేడీ?"

"పడుకున్నారండి" అంది మంగతాయారు, కాస్త సిగ్గుపడుతూ. "రాత్రి పెళ్ళి పందిరి పనుందండి. వచ్చి పడుకున్నారు. ఇంకా లెగలేదండి. మీ దగ్గరికి రావాలని తెలుసండి. గురకెట్టి నిద్రపోతంటే లేపబుద్ధి కాలేదండి. తప్పయితే చెప్పండి, ఎల్లి లేపుకొత్తాను."

"వద్దు, వద్దు. లేపకు. పడుకోనీ" అంది శేషారత్నం.

మాత్రలు ఇచ్చి, రక్తపరీక్షకి ఎప్పుడు తీసుకురావాలో చెప్పి, మంగతాయారుని పంపించేసింది. తర్వాత నలభై ఒకటో నంబరు కాగితం తీసింది. అది త్రైమాసికం మొదటి వారం. ఆ రోజు గడిలో, మైనస్ మూడు దగ్గర, జాగ్రత్తగా ఒక చుక్క పెట్టింది.